ఖాళీ గడి పక్కనున్న కామా

భిలాయి టౌన్‌షిప్‌లో చిరునామా రాయడం చాలా తేలిక. క్వార్టర్ నంబరు, స్ట్రీట్ నంబరు, సెక్టర్ నంబరు, అంతే. ఊరిని సెక్టర్లుగా గీసి కట్టారు కాబట్టి ‘ఫలానా గుడి ఎదురుగా’ లాంటి తోకలు అక్కర్లేదు. రిటైరై క్వార్టర్ వదిలేసి రిసాలీలోనో నెహ్రూనగర్‌లోనో ఇల్లు కట్టుకున్నవాళ్ల సంగతి వేరు: ప్లాటు నంబరు, కాలనీ పేరు, ఆనవాలుకు ఒక దుకాణం. ఈ రెండు రకాలవాళ్లనూ ఒకే ఎక్సెల్ జాబితాలో పెడితే చాలా గడులు ఖాళీగా ఉండి తీరతాయి. అందులో తప్పేం లేదు, ఊరే అలాంటిది.

ఉగాది ఆహ్వానాల కోసం అలాంటి జాబితా ముందు పెట్టుకుని, అందులోని పేర్లూ చిరునామాలూ ఒకే నమూనా ఉత్తరంలోకి నింపే మెయిల్ మెర్జ్ నేర్పుతుంటే ఒకమ్మాయి అడిగింది: “సార్, స్ట్రీట్ నంబరు తర్వాత రెండు కామాలు పడ్డాయేంటి? నేను పెట్టలేదే!”

పెట్టింది. నమూనా ఉత్తరంలో ‘స్ట్రీట్, కాలనీ, సెక్టర్’ అని రాసినప్పుడే పెట్టింది. కాలనీ ఖాళీ అయితే యంత్రం నిజాయతీగా ఏమీ రాయలేదు. కామాల జోలికి పోవాలని దానికెవరూ చెప్పలేదు. మెయిల్ మెర్జ్ కష్టమంతా ఇక్కడే ఉంది. ఖాళీ ఎవరికీ అడ్డు రాదు, దాని చుట్టూ మిగిలిపోయే సరంజామాతోనే తంటా. కామా, స్పేసు, ఖాళీ లైను, పేరు లేకుండా ఒంటరిగా నిలబడిన ‘గారికి’.

ఈ తంటా నిన్నటిది కాదు. 1964లో ఐబీఎం తెచ్చిన టేపు టైప్‌రైటర్‌లో రెండు టేపుల నమూనా ఒకటుండేది. ఒకదానిలో ఉత్తరం, రెండోదానిలో పేర్లు, చిరునామాలు. అక్కణ్ణుంచి నేరుగా వర్డ్‌స్టార్ అనే పాత వర్డ్ ప్రాసెసర్‌కు దూకుతాను, నాకిష్టమైన కథ అక్కడుంది. మైక్రోప్రో కంపెనీ దానికి తోడుగా మెయిల్‌మెర్జ్‌ను విడిగా అమ్మేది. డేటా ఫైలంటే కామాలతో విడదీసిన మామూలు లైన్లు. ఏ గడికీ పేరు రాసి ఉండదు, వరస ఒక్కటే గుర్తు. కాబట్టి ఖాళీని కూడా రాయాలి! కాలనీ లేకపోతే ఆ చోట వెంట వెంటనే రెండు కామాలు కొట్టాలి. ఒకటి మరిచారా, సెక్టర్ వచ్చి కాలనీ స్థానంలో కూర్చుంటుంది, పిన్‌కోడ్ సెక్టర్ స్థానంలోకి జరుగుతుంది. ఉత్తరంలో మిగిలి పీకల మీదికి తెచ్చే కామాయే డేటా ఫైలులో ప్రాణం నిలబెడుతుంది.

వర్డ్‌స్టార్‌లో గడి పేరు చివర స్లాష్, ఇంగ్లీషు ‘O’ తగిలిస్తే, డేటా లేనప్పుడు ఖాళీగా మిగలబోయే లైను మొత్తాన్ని వదిలేసేది. ప్రత్యర్థి వర్డ్‌పర్ఫెక్ట్ అదే పనికి ప్రశ్నార్థకం వాడింది. గడి పేరు పక్కన ప్రశ్నార్థకం పెడితే, ‘ఉందా?’ అని చూసి, లేకపోతే లైను ఎగరగొట్టేది. నా ఓటు ప్రశ్నార్థకానికే. మాన్యువల్ తెరవకుండానే అర్థమవుతుంది. అయితే రెండింటికీ లైను మాత్రమే కనిపించేది. ఒకే లైనులో మూడు గడులుండి నడిమిది ఖాళీ అయితే రెండూ చేతులెత్తేసేవి.

మైక్రోసాఫ్ట్ వర్డ్ ఒక మెట్టు ఎక్కింది. కామాను గడికే అప్పగించింది. ఆల్ట్, ఎఫ్9 నొక్కితే పేజీ మీది ముసుగు తొలగి మీసాల బ్రాకెట్ల మధ్య అసలు కోడు కనిపిస్తుంది. అందులో కాలనీ పేరు తర్వాత బ్యాక్‌స్లాష్, బి కొట్టి, కొటేషన్లలో ఒక కామా, ఒక స్పేసు రాయాలి. ఇక గడిలో ఏదైనా ఉంటేనే దాని ముందు కామా పడుతుంది. బి బదులు ఎఫ్ అయితే వెనకాల. బయట రాసిన పాత కామాను చెరిపేయడం మరవొద్దు. కాలనీ ఉన్నవారికి కామాతో సహా వస్తుంది, లేనివారికి ఆ ఊసే ఉండదు. ఆ బ్రాకెట్లను కీబోర్డు మీద మామూలుగా కొడితే మాత్రం పనిచేయవు, కంట్రోల్, ఎఫ్9తోనే పుట్టించాలి.

పేరే లేకపోతే ఈ కిటుకు చాలదు. అప్పుడు ఇఫ్ అనే షరతు కావాలి: పేరుంటే పేరు, ‘గారికి’, లేకపోతే ‘సభ్యులకు’. ‘గారికి’ని ఇఫ్ లోపలే రాయాలి. లిబ్రేఆఫీస్ దారి ఇంకొకటి. అక్కడ షరతు పెట్టి పేరా మొత్తాన్నే దాచేయొచ్చు.

ఇంత చేశాక కూడా వర్డ్‌లో ఖాళీ లైను మిగిలితే రెండు చోట్ల వెతకండి. ఎంటర్‌కు బదులు షిఫ్ట్ ఎంటర్ కొట్టి ఉంటారు, లేదా ఎక్సెల్ గడిలో ఒక్క స్పేసు దాక్కుని ఉంటుంది. ఆ గడి మన కంటికి ఖాళీ, యంత్రానికి కాదు. ట్రిమ్ ఫార్ములా దాన్ని పట్టేస్తుంది. ఇక ‘క్వార్టర్ నంబరు 0’ అని అచ్చయితే వర్డ్‌ను తిట్టకండి. వేరే షీట్‌లోని ఖాళీ గడిని ఫార్ములాతో తెచ్చుకుంటే ఎక్సెల్ సున్నా ఇస్తుంది. మూలగడి ఖాళీ అయితే ఖాళీ కొటేషన్లు ఇమ్మని ఆ ఫార్ములాకే ఒక ఇఫ్ తొడిగితే సరిపోతుంది.