చేతులతో చూచు ప్రదర్శనశాల

ప్రదర్శనశాల యనగానే గాజుపెట్టెలు, “తాకరాదు” అను ఫలకములు స్ఫురించును. పిల్లలకొరకే ఏర్పడిన తొలి ప్రదర్శనశాల 1899లో న్యూయార్కునందలి బ్రూక్లిన్‌లో వెలసినది. 1962లో బోస్టన్ బాలల ప్రదర్శనశాలకు సంచాలకుడైన మైకేల్ స్పాక్ వస్తువులను గాజుపెట్టెల నుండి వెలికిదీసి పిల్లల చేతికందించెను.

ఇట్టి శాలలలో ఒకే బరువును ఒక కప్పీతోను, పిదప నాలుగు కప్పీల కూర్పుతోను ఎత్తి చూచిన బిడ్డకు శ్రమ తగ్గుటయు, త్రాడు మాత్రము ఎక్కువ లాగవలసివచ్చుటయు చేతికే తెలియును. తండ్రి ముందుగానే సూత్రము వివరించినచో, ఆ బిడ్డ కనుగొనవలసినది వినవలసినదిగా మారిపోవును.

కావున కుటుంబముతో వెళ్లువారు ఒక్క పూటలో అన్ని గదులను చుట్టిరావలెనను త్వర విడిచి, బిడ్డ నిలిచినచోటనే నిలువవలెను. “ఇట్లేల జరిగెను?” అని బిడ్డయే అడుగువరకు ఓపికపట్టుటయే పెద్దలు చేయవలసిన పని.