బొగ్గు తరువాత కరెంటు ఎవరిది? అపోహలు – వాస్తవాలు

బొగ్గు తవ్వకం తగ్గిపోయిన నేలల్లో సౌరఫలకాలు, గాలిమరలు వెలుస్తున్నందున ‘ప్రజల విద్యుత్తు’ అన్న మాట తరచుగా వినబడుతోంది. విద్యుత్ సంస్థలో స్థానికులే వాటాదారులై, దాని నిర్ణయాలపై ఓటును, మిగులుపై హక్కును కలిగి ఉండడమే సామూహిక యాజమాన్యం. ఈ నిర్వచనం ముందు కొన్ని ప్రచలిత అభిప్రాయాలు నిలవవు.

అపోహ: ప్రభుత్వ సంస్థ నడిపే కేంద్రం స్థానికులదే.

వాస్తవం: 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లందులో సింగరేణి సంస్థ నేడు సౌరవిద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నది; అయితే సంస్థలో 51 శాతం వాటా తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది కాబట్టి, ఇల్లందు వాసికి స్థానికుడిగా అందులో వాటా గాని ఓటు గాని లేవు.

అపోహ: విద్యుత్ వ్యవహారాన్ని పల్లెజనం నిర్వహించలేరు.

వాస్తవం: 1970లో ఏర్పడి, జనం ‘సెస్’ అని పిలుచుకునే సిరిసిల్ల విద్యుత్ సరఫరా సహకార సంఘంలో వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వారే. ఉత్తరాంధ్రలో చీపురుపల్లి, అనకాపల్లిలలోనూ ఇటువంటి సంఘాలు వెలిశాయి. అయితే ఇవి కరెంటును టోకున కొని పంచే సంఘాలే గాని ఉత్పత్తిదారులు కావు. ఉత్పత్తి దాకా వెళ్ళిన ఉదాహరణ వేల్స్ దేశంలోని పాత బొగ్గు లోయల్లో ఉంది: అక్కడ ‘అవెల్’ సహకార సంఘం వాటాలు అమ్మి పెట్టుబడి సమకూర్చుకుని, 2017లో రెండు గాలిమరలను నడపడం ప్రారంభించింది.

అపోహ: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో గనులు లేని కవిటికి ఈ చర్చతో పనిలేదు.

వాస్తవం: గని లేకున్నా బొగ్గు ఉద్దానం గుమ్మం దాకా వచ్చింది. పొరుగున సోంపేట బీలలో, అంటే వాననీరు నిలిచే చిత్తడి నేలలో, 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టగా, దాన్ని ప్రతిఘటించిన స్థానికులపై 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ కేంద్రం ఆగిపోయింది. బీల దక్కింది గాని, కాదనగలిగిన ఆ బలం కరెంటుపై యాజమాన్యంగా మారలేదు.

అపోహ: ఇంటింటికీ సౌరఫలకాలు అమర్చితే అదే సామూహిక యాజమాన్యం.

వాస్తవం: 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీ లభిస్తుంది, కాని అది సొంత కప్పు గల కుటుంబానికి చేరే మేలు. కొబ్బరితోటలో కూలిచేసుకుంటూ అద్దెఇంట ఉండేవారిని కూడా యజమానులుగా చేర్చుకోవాలంటే, వాటాకు కప్పు కాక సభ్యత్వమే అర్హతగా ఉండే సంఘం కావాలి.