జెర్రీ నోరు విప్పితే

చిన్నప్పుడు నానమ్మా నేనూ కలిసి చూసిన ఒకే ప్రోగ్రామ్ టామ్ అండ్ జెర్రీ. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకేమో తెలుగు సీరియల్స్ ఎక్కేవి కావు. ఎలకబోనులో టామ్ తోక ఇరుక్కుంటే మాత్రం ఇద్దరం ఒకేసారి నవ్వేవాళ్ళం.

1956లో వచ్చిన ‘బ్లూ క్యాట్ బ్లూస్’ ఆ సిరీస్ స్థాయికి తగ్గిందని నా అభిప్రాయం. టామ్ ప్రేమించిన తెల్లపిల్లి డబ్బున్న బుచ్‌ని పెళ్ళి చేసుకుంటుంది. చివరికి టామ్, జెర్రీ ఇద్దరూ రైలు పట్టాల మీద కూర్చుంటారు. విషాదాంతం కాబట్టి బాలేదంటారు కొందరు. నాకు దానితో పేచీ లేదు. అసలు లోపం, కథని జెర్రీ గొంతు ఇంగ్లిష్‌లో చెప్పడం. టామ్ ఒక్క పువ్వు తెస్తే బుచ్ పెద్ద పూలచక్రం తెస్తాడు. చూస్తేనే అర్థమయ్యే దానికి మాటలెందుకు? ఇదే హన్నా, బార్బెరా తీసి ఆస్కార్ గెలిచిన ‘ది క్యాట్ కన్సర్టో’లో పియానోయే మాట్లాడుతుంది.

“ఏమంటోందిరా ఆ ఎలక?” అని నానమ్మ అడుగుతూనే ఉంది. నాకొచ్చిన తెలుగులో నేను చెప్పేలోపే రైలు కూత వినిపించింది. ఆ ఒక్కదానికి మాత్రం అనువాదం అవసరం లేకపోయింది.