కుండీలోకి పిల్లి ఎందుకొస్తుంది?

మన వీధుల్లో తిరిగే ప్రతి పిల్లీ ఎడారి జంతువు సంతానమే. ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి నుంచే వచ్చాయని 2007లో జన్యు పరిశోధకులు తేల్చారు. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్లనాటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లినీ పూడ్చిపెట్టిన ఆనవాళ్లు దొరికాయి. అంత పాత స్నేహంలోనూ పిల్లి తన ఎడారి అలవాటు మానుకోలేదు. పొడిగా, గుల్లగా, కాలితో గీరితే లేచే మట్టి కనబడితే దానికి అదే మరుగుదొడ్డి. మిద్దెతోట కుండీల్లో మనం నింపేది కూడా సరిగ్గా అదే: ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు. నిన్న తోటకూర విత్తనాలు చల్లిన కుండీనే అది ఏరికోరి తవ్విందంటే మన మీద కక్ష ఉండి కాదు, అక్కడి మట్టిని మనమే అంత మెత్తగా చేసిపెట్టాం గనక.

తడి మట్టిలో కాలు పెట్టడం పిల్లికి ఇష్టం ఉండదు. అది ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. కాబట్టి కొత్తగా విత్తిన కుండీలకు సాయంత్రం పూట నీళ్లు చల్లి పైమట్టిని చెమ్మగా ఉంచితే విత్తనానికీ మేలు, తవ్వకమూ తగ్గుతుంది.

చేపలతో చేసే ఎరువు మీనామృతం వాడేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపి రుచిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి దానిలో పాడైపోయిందని 2005లో అమెరికా శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. మీనామృతంలో కలిపిన బెల్లం దానికి పట్టదు గానీ చేపల వాసన మాత్రం పక్క వీధి నుంచి కూడా లాక్కొస్తుంది. ఎముకల పొడితోనూ ఇదే తంటా. వాటిని పైన చల్లి వదిలేయకుండా మట్టి లోపలికి కలిపి, పైన ఎండాకులు కప్పాలి.

మీ పెరట్లో కుప్పింటాకు మొక్క ఉందా? మురిపిండి అని కూడా అంటారు. గోడ వారన, కుండీల మధ్య దానంతట అదే మొలిచే కలుపు మొక్క, చర్మవ్యాధులకు పెద్దవాళ్లు వాడిన ఆకు. దాన్ని వేళ్లతో సహా పీకి పడేసి చూడండి, పిల్లులు ఆ వేరు దగ్గరకు చేరి మొహం రుద్దుకుంటూ పొర్లుతాయి. పాశ్చాత్య దేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్క పిల్లులకు ఎలా మత్తెక్కిస్తుందో మన దగ్గర కుప్పింటాకు వేరు అలా చేస్తుంది. అందుకే కలుపు తీసినప్పుడు ఆ మొక్కల్ని తోటలోనే కుప్పగా వదలకూడదు. జపాన్‌లో మతతాబి అనే తీగకూ ఇదే గుణముంది. దాని ఆకుల్లో పొర్లిన పిల్లి ఒంటికి అంటే పదార్థం దోమల్ని తరిమేస్తుందని 2021లో అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పిల్లి రాకుండా ఫినాయిల్ చల్లమని, నాఫ్తలీన్ ఉండలు వేయమని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మన కాలేయం కొన్ని రకాల విషాలను విరిచి బయటికి పంపేందుకు వాడే ఎంజైముల్లో ముఖ్యమైనదొకటి పిల్లులకు లేదు. దాన్ని తయారుచేయాల్సిన జన్యువు పిల్లి కుటుంబం మొత్తంలో, పులులు, సింహాలతో సహా, పనిచేయకుండా పోయింది. వేటాడి మాంసమే తిని బతికే జీవులకు మొక్కల్లోని విషాలను విరిచే అవసరం తగ్గడమే ఇందుకు కారణమని శాస్త్రవేత్తల అంచనా. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఫినాయిల్‌లోని ఫినాల్ రకం రసాయనాలూ అంతే. పిల్లి దాన్ని తాగనక్కర్లేదు, తడిసిన చోట నడిచి, ఆ తర్వాత అలవాటుగా కాళ్లు నాక్కుంటే చాలు. నాఫ్తలీన్ రక్తకణాలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, పాకే పిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు వాళ్లకూ ప్రమాదమే. కారం పొడి చల్లితే కాళ్ల నుంచి నోటికీ కళ్లకూ చేరి విలవిల్లాడిపోతుంది. కాఫీ మడ్డిలో మిగిలిన కెఫీన్ కూడా పిల్లికి విషమే. చేతికి అందే వస్తువులే ఎక్కువ హాని చేస్తాయన్న సంగతి ఇంటింటికీ తెలియాలి. బత్తాయి, నిమ్మ తొక్కలు వేయవచ్చు. ఆ వాసన పిల్లికి గిట్టదు, కానీ తొక్క ఎండితే వాసనా పోతుంది, మార్చుతూ ఉండాలి.

నీలం నీళ్లు, ఎర్ర నీళ్లు నింపిన సీసాలు గేటు దగ్గర పెడితే కుక్కలు రావని మన ఊళ్లలో నమ్మకం. జపాన్‌లో పిల్లుల కోసం ఇలాగే మామూలు నీళ్ల సీసాలు ఇంటి చుట్టూ వరసగా పెడతారు. పిల్లులు వాటిని దాటుకుని వెళ్లిపోతాయి. పైగా గుండ్రటి సీసా భూతద్దంలా ఎండను ఒకచోట కూడదీసి మంటలు రేపవచ్చని అక్కడి అగ్నిమాపక శాఖలు హెచ్చరిస్తుంటాయి.

మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినిపించదు. పిల్లి 60 వేలు దాటినా వింటుంది. ఈ తేడాను ఆధారం చేసుకుని, కదలిక పసిగట్టగానే సన్నని కూత పెట్టే యంత్రాలు అమ్ముతున్నారు. బ్రిటన్‌లో ఇళ్ల తోటల్లో వాటిని పరీక్షించారు, ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఒక ప్రయోగంలో పిల్లుల రాక మూడోవంతు దాకా తగ్గింది, ఇంకోదాంట్లో రాక తగ్గలేదు. తోటలో గడిపే సమయం మాత్రం రెండింటిలోనూ తగ్గింది. కొంత ఉపయోగమే గానీ దాని మీదే భారం వేయలేం. నీలి కళ్లున్న తెల్ల పిల్లుల్లో చాలావాటికి పుట్టు చెవుడు, వాటి ముందు ఆ యంత్రం పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

గోడ ఎంత ఎత్తుంటే పిల్లి ఆగుతుంది? ఆస్ట్రేలియాలో ఇది అంతరించే జంతువుల బతుకు ప్రశ్న. దక్షిణ ఆస్ట్రేలియాలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర 1997లో మొదలైన ‘ఆరిడ్ రికవరీ’ అభయారణ్యం 123 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న కంచె మనిషి ఎత్తే ఉంటుంది. కిటుకంతా పైభాగంలో ఉంది. అక్కడ తీగ జాలీని బయటివైపుకు వంచి, బిగించకుండా వదులుగా వదిలేశారు. ఎక్కిన పిల్లి బరువుకు అది ఊగుతుంది, పట్టు దొరకక పిల్లి వెనక్కి దిగిపోతుంది. దీన్నిబట్టి పిల్లికి కావలసింది కదలని ఆసరా అని తెలుస్తుంది. ప్రహరీ మీద గాజు పెంకులు గుచ్చితే పిల్లి వాటి సందుల్లో అడుగులు వేసుకుంటూ వచ్చేస్తుంది, ఎప్పుడో ఒకసారి కాలు కోసుకుంటుంది. అదే ప్రహరీ మీద వదులుగా ఊగే వల కడితే దానికి గాయం లేదు, మనకు బెంగ లేదు.

కుండీల సంగతికొస్తే మన రైతుల పాత పద్ధతే నాకు నచ్చుతుంది. నారుమడి మీద కంప వేసేవాళ్లు. కుండీలో రేగు కంప అక్కర్లేదు. కోళ్ల జాలీ ముక్కను మట్టి మీద పరిచి పైన పలచగా మట్టి చల్లితే చాలు. మొక్క జాలీ కళ్లలోంచి పైకొస్తుంది, తవ్వబోయిన పిల్లి కాలికి తీగ తగిలి వేరే చోటు చూసుకుంటుంది. పెద్ద మొక్కల మొదళ్లలో గులకరాళ్లు పరిచినా అంతే.

కొన్నిచోట్ల తోటకు కాపలా కాసే బదులు పిల్లినే కట్టడి చేశారు. జర్మనీలోని వాల్‌డార్ఫ్ ఊళ్లో 2022 వేసవిలో కుచ్చు భరతపక్షుల పిల్లల్ని కాపాడేందుకు పెంపుడు పిల్లుల్ని నెలల తరబడి ఇంట్లోనే ఉంచమని ఆదేశించారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జులై 1 నుంచి పుట్టిన పిల్లులన్నీ యజమాని ఇంటి ఆవరణలోనే ఉండాలి.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్ల మాట. ఏడు లెక్క ఎలా ఉన్నా, తల్లి పిల్లి ప్రమాదం శంకించగానే కూనల్ని నోట కరచుకుని చోటు మార్చడం నిజం. కుండీల వెనక కూనలు కనబడితే ముట్టుకోకుండా కొన్నాళ్లు ఓపిక పడితే తానే తీసుకెళ్తుంది. తల్లిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేస్తే ఇక్కడ కూనలు ఆకలితో చస్తాయి, ఖాళీ అయిన చోటికి మరో పిల్లి వస్తుంది. గోడల మీద ఘాటు వాసన మూత్రం చిమ్మేది ఎక్కువగా మగపిల్లులు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే చాలావాటిలో ఆ అలవాటు తగ్గిపోతుంది. వీధివాళ్లంతా కలిసి పశువైద్యుడి దగ్గర ఈ ఏర్పాటు చేసుకుంటే తోటలకు ఇంతకు మించిన రక్షణ లేదు.

పిల్లిని హింసిస్తే చట్టమూ ఊరుకోదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనక ఉన్నది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల. ఆ చట్టం కింద తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, అది చాలా తక్కువ. కానీ 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు.

తోటలో పనిచేసే గర్భిణులు చేతికి తొడుగులు వేసుకోవాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన పిల్లి మలం ద్వారా దాని గుడ్ల వంటి కణాలు మట్టిలో చేరి, తేమ ఉంటే ఏడాది దాటినా బతుకుతాయి. అవి విసర్జించిన వెంటనే హాని చేయవు, అందుకు కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు చిన్న పారతో తీసేయాలి, ఆకుకూరలను బాగా కడిగాకే వండాలి. పెరట్లో ఓ మూల పొడి ఇసుక పోసిన వెడల్పాటి తొట్టి పెట్టి రోజూ శుభ్రం చేస్తుంటే పిల్లి అక్కడికే అలవాటు పడే అవకాశం ఎక్కువ.