మధుమేహం – శోథం – ఊపిరితిత్తుల ఆరోగ్యం: కడప జిల్లా నేపథ్యం

ఉపోద్ఘాతం:
మధుమేహం వల్ల కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బతింటాయన్నది తెలిసిన విషయమే; ఊపిరితిత్తుల ప్రస్తావన మాత్రం అరుదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహ బాధితుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది.

శోథం పాత్ర:
గాయమైన చోట వాపు, వేడి, నొప్పి రూపంలో కనిపించే శోథం శరీరపు రక్షణచర్య. మధుమేహంలో అది పైకి కనబడకుండా ఏళ్ళ తరబడి సాగుతుంది. రక్తంలోని అధిక చక్కెర మాంసకృత్తులతో కలిసి సూక్ష్మ రక్తనాళాల గోడలను మందపరుస్తుంది. ఊపిరితిత్తులు అటువంటి నాళాలతో నిండినవి కనుక వాటి సాగేగుణం, వాయుమార్పిడి సామర్థ్యం కొంత తగ్గుతాయి. రక్షకకణాలు బలహీనపడి క్షయ సోకే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. క్షయ సోకితే చక్కెర అదుపు మరింత తప్పుతుంది.

స్థానిక ప్రాసంగికత:
ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలు నాపరాతి గనులకు, సిమెంటు కర్మాగారాలకు నెలవు. పులివెందుల పరిసరాలు ఒకప్పుడు రాతినార తవ్వకాలకు ప్రసిద్ధి. వల్లూరు మొదలుకొని పులివెందుల వరకు దగ్గును, ఆయాసాన్ని దుమ్ముకే ఆపాదిస్తే అసలు వ్యాధి మరుగున పడవచ్చు.

ముగింపు:
రెండు వారాలు మించిన దగ్గుకు కళ్ళె పరీక్ష, క్షయ నిర్ధారణ అయినవారికి చక్కెర పరీక్ష తప్పనిసరి. ఈ రెండింటినీ జతగా చూడటమే సరైన మార్గం.