మీకు తెలుసా? ఎర్ర లైటు పడితే గడువు తీరినట్టే!

అమెరికా సుప్రీంకోర్టులో నిబంధన ప్రకారం ఒక్కో పక్షం లాయర్‌కు దక్కేది 30 నిమిషాలు. ఎదుట తెల్ల లైటు వెలిగితే మిగిలింది 5 నిమిషాలే. ఎర్ర లైటు పడితే గడువు తీరినట్టు. బల్ల మీద పెట్టే తెల్లటి బాతు ఈకల కలాలను మాత్రం గుర్తుగా ఇంటికి తీసుకెళ్లొచ్చు! అక్కడి వాదనలు ఇంటి నుంచి వినొచ్చు, చూడలేం. కెమెరాలకు ప్రవేశం లేదు.

సరిహద్దు దాటి ఒట్టావా వెళ్తే పద్ధతే వేరు. కెనడా సుప్రీంకోర్టు ఒక్కో పక్షానికి మామూలుగా గంట ఇస్తుంది. లాయర్లు నల్లగౌనులో ఇంగ్లిష్‌లోనో, ఫ్రెంచ్‌లోనో వాదిస్తారు. అనువాదం అప్పటికప్పుడే వినిపిస్తుంది. విచారణను ప్రజలు ఇంటి నుంచే చూడొచ్చు. కక్షిదారుకు ఇది ఎంత భరోసా!

అమెరికా సుప్రీంకోర్టులో సాధారణంగా 9 మంది జడ్జీలూ కలిసే వింటారు. ఒట్టావాలో కేసును బట్టి 5, 7 లేదా 9 మంది. అక్కడ ఒక్కోసారి వాదనలు ముగిసిన రోజే తీర్పూ వచ్చేస్తుంది.