లక్షద్వీపముల పగడపు దిబ్బలు

అరేబియా సముద్రమున, కేరళ తీరమునకు పడమటగా చెదరియున్న లక్షద్వీపములలో పదింట మాత్రమే మనుష్యులు నివసించుచున్నారు. 2011 జనాభా లెక్కలనాటికి వారు ఇంచుమించు 64 వేలమంది. ఆ దీవులను కట్టినదియు, కడలిపోటునుండి నేటికిని కాచుచున్నదియు, అల్పప్రాణులు యుగయుగములుగా విడిచిపోయిన సున్నపు గూళ్ల ప్రోవైన పగడపు దిబ్బయే. ఇసుక క్రింద ఉప్పునీటిపై తేలియాడు పలుచని మంచినీటిపొర సైతము, ఆ దిబ్బ అలల కడ్డుపడినంతకాలమే వారి బావులకు దక్కును.

సముద్రజలము మితిమీరి వేడెక్కినప్పుడు పగడపుజీవి, తనకు ఆహారమును వన్నెను ఒసగు సూక్ష్మశైవలములను ఒడలినుండి వెడలగొట్టి తెల్లబారును. ఆ వేడిమి వారములతరబడి తగ్గనిచో మరణించును. ఇట్టి విపత్తు ఆ దీవులకు 1998, 2010, 2016 సంవత్సరములలో వాటిల్లి, 2024లో మరల వచ్చినది. అయినను మొదటి దెబ్బ తరువాత కొన్ని దిబ్బలు చెప్పుకోదగినంతగా కోలుకొన్నవి. చచ్చిన పగడముపై మొలచు నాచును గీకి తిని, క్రొత్త పగడములు అంటుకొనుటకు చోటుచేయు చిలుకచేపలు అచ్చట సమృద్ధిగా ఉండుట అందులకొక ముఖ్యకారణము. అవి మిగిలియుండుటకు కారణము, నా దృష్టిలో ఈ కథయంతటికిని ఆయువుపట్టు, దీవులవారు వానిని అంతగా పట్టకుండుట.

వారి ప్రధానమైన వేట ట్యూనా వేట. మినికాయ్ వాసులు తరతరములుగా నెరిగిన ఆ విద్య, 1960 ప్రాంతమున ప్రభుత్వ ప్రోత్సాహముతో ఇతర దీవులకును వ్యాపించినది. దిబ్బకు లోపలనున్న నిశ్చలమైన మడుగులో సన్నకన్నుల వలలతో చిట్టి ఎరచేపలను పట్టి, పడవలోని నీటితొట్టిలో ప్రాణములతో నిలిపి, బయటి సముద్రమున ట్యూనాగుంపు కానవచ్చినంతనే వానిని గుప్పిళ్లతో వెదజల్లి నీటిని చిమ్ముదురు. ఎర విరివిగా నున్నదని భ్రమించి చేపలు పైకెగయగా, గాలపుకర్రలతో ఒక్కొక్కదానిని ఎగురవేయుదురు. గాలమునకు ఎదురుముల్లు లేనందున చేప తనంతట జారి పడవలో పడును. దానిని ఉడికించి, పొగబెట్టి, ఎండించిన ‘మాస్’ నెలలకొలది చెడకుండును.

కాని ఆ ఎరచేపలలో అనేకములు పగడపు కొమ్మల నడుమ పెరుగునవి. దిబ్బ క్షీణించినకొలది ఎర కరవగును. ఎర కరవైన వేటకాడు, ప్రధానభూమి వర్తకుల గిరాకీయు తోడై, దిబ్బచేపలవైపే మొగ్గును. 1998 మొదలు 2022 వరకు సాగిన పరిశీలనలో సజీవ పగడముల విస్తీర్ణము సుమారు సగమైనట్లు తేలినది. ఈ స్థితిలో, వేడిమికి తాము బాధ్యులు కాని జనులను చేప పట్టవలదని శాసించుట అన్యాయము. మాస్‌కును, తాజా ట్యూనాకును గిట్టుబాటు ధరయు, మంచుగడ్డయు, సకాలమున ఓడయు సమకూర్చినచో, దిబ్బచేపలను విడిచిపెట్టుట వారికి త్యాగము కాక తమ పాతవృత్తిని కొనసాగించుటయే యగును. పగడపు ముక్కలను నాటు పథకములకంటె ముందుగా పాలకులు పూనుకొనవలసిన పని ఇదియే.